పుచ్చిన దంతాన్ని మళ్లీ పెంచే ఫిల్లింగ్ కోసం ఆగవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. మాది కనిగిరి దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. కింది వరుసలో ఎడమ వైపు దవడ పన్ను పుచ్చింది. చల్లని నీళ్లు తాగితే జివ్వుమంటుంది, మింగేలోపే తగ్గిపోతుంది. ఒక డాక్టర్ రూట్ కెనాల్ చేయాలన్నారు, మరొకరు ఫిల్లింగ్ సరిపోవచ్చన్నారు. పన్నును మళ్లీ పెంచే ఫిల్లింగులు వస్తున్నాయని, ఇక్కడి ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లోనూ పళ్ల కోసం నానో రోబోలు తయారు చేశారని చదివాను. అవి వచ్చేదాకా ఓ రెండేళ్లు ఆగవచ్చా? మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లతో పెద్దవాళ్ల పళ్లు గారపట్టాయి. అందుకే ఫ్లోరైడ్ ఉన్న సిమెంట్ అంటే భయం.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆగకండమ్మా. పన్ను లోపల పల్ప్ అనే మెత్తటి కణజాలం ఉంటుంది. నరాలు, రక్తనాళాలు అందులోనే ఉంటాయి. పుచ్చిన పన్నును లోపలి నుంచి మళ్లీ కట్టించాలని చూస్తున్న పదార్థాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. మందు పైనుంచి ప్రేరేపిస్తుంది, కట్టే పని మాత్రం పల్ప్‌లోని కణాలదే. రెండేళ్లు పుచ్చును అలాగే వదిలేస్తే ఆ పల్ప్ చచ్చిపోవచ్చు. అప్పుడు మీరు ఎదురుచూసిన ఫిల్లింగ్ వచ్చినా మీ పన్నుకు పనికిరాదు.

మీ లక్షణాలు మాత్రం ఆశ కలిగిస్తున్నాయి. చల్లదనానికి జివ్వుమని వెంటనే తగ్గిందంటే పల్ప్ వాచినా కోలుకునే స్థితిలోనే ఉండి ఉండవచ్చు. నొప్పి నిమిషాల తరబడి తగ్గకపోవడం, వేడి తగిలితే పెరగడం, రాత్రి నిద్రలో లేపడం, పన్ను మీద తడితే నొప్పెట్టడం వేరే కథ చెబుతాయి, పల్ప్ కోలుకునే దశ దాటి ఉండవచ్చని. మీకు రూట్ కెనాల్ (పల్ప్‌ను తీసేసి లోపల నింపే చికిత్స) చెప్పిన డాక్టర్‌ను నేను తప్పుపట్టడం లేదు, ఎక్స్‌రేలో ఆయన ఏం చూశారో నాకు తెలియదు. ఇద్దరినీ ఒకే మాట అడగండి: ‘చల్లదనం పరీక్ష చేశారా? నా పల్ప్ బతికి ఉందా?’

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పంటి పై పొర ఎనామిల్. దాన్ని తయారు చేసిన కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పోతాయి. అందుకే గుంత పడిన ఎనామిల్ తనంతట తాను తిరిగి పెరగదు. పుచ్చు మొదలయ్యే తెల్లమచ్చ దశలో ఉంటే ఖనిజాలు మళ్లీ చేరతాయి, అంతే. దాని కింద ఉన్న డెంటిన్ అలా కాదు. దాన్ని కట్టే కణాలు జీవితాంతం పల్ప్ అంచున ఉంటాయి, పుచ్చు దగ్గరపడుతుంటే అడ్డుగా కొత్త డెంటిన్ పేరుస్తాయి.

ఆ పనిని ప్రోత్సహించే సిమెంట్లు ఇప్పటికే మన క్లినిక్కుల్లో ఉన్నాయి. 1990లలో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో ఎంటీఏ అనే పదార్థం తయారైంది. అందులో ప్రధానంగా ఉండేవి కాల్షియం సిలికేట్లు. ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంట్‌లోనూ ముఖ్యమైనవి అవే. ఎంటీఏ గట్టిపడటానికి గంటలు పట్టేది. ఆ తర్వాత వచ్చిన బయోడెంటిన్‌కు సుమారు 12 నిమిషాలు చాలు. నీటితో కలిపినప్పుడు ఇవి కాల్షియం హైడ్రాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. ఆ క్షారగుణం సూక్ష్మజీవులను అణచి, కింద ఉన్న కణాలను డెంటిన్ కట్టేలా ప్రేరేపిస్తుంది.

పుచ్చు తీసే పద్ధతీ మారింది. లోతైన గుంత అంచుల వెంట గట్టి డెంటిన్ తగిలేదాకా శుభ్రం చేస్తాం. పల్ప్‌కు దగ్గరగా ఉన్న అడుగున మాత్రం తడి తోలులా సాగే గోధుమరంగు పొర కనిపిస్తే అక్కడ ఆగిపోతాం. దాన్నీ గీకేస్తే పల్ప్ బయటపడుతుంది. వదిలేసి పైన గట్టిగా మూసేస్తే మిగిలిన సూక్ష్మజీవులకు ఆహారం అందదు, ఆ పొర నెమ్మదిగా గట్టిపడుతుంది. ఇదంతా చూసి ‘పుచ్చు పూర్తిగా తీయలేదు’ అని కంగారు పడకండి. ఈ పని చేసేటప్పుడు పన్ను చుట్టూ ఉమ్మి తగలకుండా ఆపే రబ్బరు పొర (రబ్బరు డ్యామ్) కట్టమని మాత్రం అడగండి, ఉమ్మి తగిలితే ఫలితం దెబ్బతింటుంది.

మీరు చదివిన వార్తలు నిజమే, అయితే అవి మన క్లినిక్కులకు ఇంకా ఎంత దూరంలో ఉన్నాయో తెలుసుకోవాలి. 2017లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు టైడెగ్లూసిబ్ అనే మందులో ముంచిన కొల్లాజెన్ స్పాంజిని ఎలుకల పళ్ల రంధ్రాల్లో పెట్టారు. స్పాంజి కరిగిపోతూ ఆ చోట డెంటిన్ ఏర్పడింది. అల్జీమర్స్ కోసం మనుషుల మీద ముందే పరీక్షించిన మందు కావడంతో ఆశలు పెరిగాయి. కానీ ఎలుక పంటి రంధ్రం ఎక్కడ, మీ దవడ పంటి గుంత ఎక్కడ! ఇక మీరు చెప్పిన ఐఐఎస్‌సీ వాళ్ల నానో రోబోలు, అంటే కాల్‌బాట్లు, సుమారు 400 నానోమీటర్ల కణాలు. అయస్కాంతంతో వాటిని డెంటిన్‌లోని సన్నని గొట్టాల్లోకి నడిపించి మూసివేయిస్తారు. అవి జివ్వుమనే బాధ కోసం తయారైనవి, పుచ్చు గుంత నింపవు. అవి మోసుకెళ్లేదీ కాల్షియం సిలికేట్ కుటుంబానికి చెందిన పదార్థమే కావడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ పరిశోధన సాగుతున్న ఊళ్లోనే ఉంటూ మీరు పన్ను పోగొట్టుకోకూడదు.

ఫ్లోరైడ్ గురించి మీ భయం నాకు అర్థమవుతోంది. కనిగిరి, నల్లగొండ, ఇటు కోలారు నీళ్లు ఎంత బాధ పెట్టాయో కళ్లారా చూశాను. గార మచ్చలు పడేది చిన్నతనంలో పళ్లు తయారవుతున్నప్పుడు, ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగితేనే. మీ పళ్లు ఏర్పడి చాలా కాలమైంది. మీరు భయపడుతున్న ఫ్లోరైడ్ సిమెంట్, అంటే గ్లాస్ అయానమర్ అనే ఫిల్లింగ్ పదార్థం, వదిలే ఫ్లోరైడ్ అతి స్వల్పం. అది కూడా మొదటి రోజుల్లో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గిపోతుంది. అంచుల్లో మళ్లీ పుచ్చకుండా కాపాడే ప్రయత్నం చేస్తుంది. నిశ్చింతగా పెట్టించుకోండి. ఊళ్లో చిన్నపిల్లలు తాగే నీళ్లను మాత్రం పరీక్ష చేయించమని మీ వాళ్లకు చెప్పండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది.

ఖర్చు గురించి ఆలోచిస్తుంటే కోటె ప్రాంతంలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఎండోడాంటిక్స్ (పల్ప్ చికిత్సల) విభాగానికి వెళ్లండి. ఫిల్లింగ్ అయ్యాక 3, 6 నెలలకు చల్లదనం పరీక్ష, డాక్టర్ చెబితే ఎక్స్‌రే చేయించుకోండి. ఈలోగా ఆ పన్ను రాత్రి నిద్రలేపితే అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకుండా మర్నాడే వెళ్లండి.