పతకానికి ముందు ఖర్చు ఎవరిది? క్రీడల గురించి రాస్తున్న ఒక యువ రచయిత్రికి లేఖ

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

తైక్వాండో ఒలింపిక్ విజేతలకు ఏ దేశం ఎంత ఇస్తుందో చెబుతూ నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. గాజువాక నుంచి మధురవాడ దాకా, సాయంత్రమయ్యేసరికి తెల్ల దుస్తులు, రంగు బెల్టులతో పిల్లలు కనబడని పేట మన ఊళ్లో తక్కువ. అయినా ఆ ఆట వెనక ఉన్న డబ్బు గురించి తెలుగులో పట్టించుకుని రాసినవారు అరుదు. విషయాన్ని ఎంచుకోవడంలోనే నువ్వు సగం పని చేశావు. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

నీ వ్యాసమంతా ఒక పట్టిక మీద నిలబడింది. దేశం పేరు, బంగారు పతకానికి ఇచ్చే మొత్తం, దాన్ని రూపాయల్లోకి మార్చిన అంకె, పెద్దదాని నుంచి చిన్నదానికి వరస. పట్టిక ఎంత ఇస్తారో చెప్పింది గాని, ఆ డబ్బు ఏ వయసులో చేతికి అందుతుందో, ఎవరి జేబులోంచి వస్తుందో, అది అందేలోపు ఆ క్రీడాకారిణి ఎలా బతికిందో చెప్పలేదు. ఈ విషయంలో నాకు బలమైన అభిప్రాయం ఒకటి ఉంది. ఒక దేశం తన ఆటగాళ్లను ఎలా చూసుకుంటుందో తెలియాలంటే గెలిచినవాళ్లకు ఇచ్చే నజరానాకన్నా, ఇంకా గెలవనివాళ్ల మీద పెట్టే ఖర్చును చూడాలి. నీ వ్యాసం అక్కడి నుంచి మొదలైతే బాగుంటుంది.

తైక్వాండోలో ఒలింపిక్స్‌కు చేరే దారిని పాఠకుడికి ముందుగా వివరించు. సియోల్, బార్సిలోనాలలో ప్రదర్శన క్రీడగా ఉండి, 2000లో సిడ్నీలో పతక క్రీడ అయిన ఈ ఆటలో పురుషులకు నాలుగు, మహిళలకు నాలుగు బరువు విభాగాలు మాత్రమే ఉన్నాయి. ఒక్కో విభాగంలో ఒక దేశం నుంచి ఒక్కరే. పారిస్ ఒలింపిక్స్‌కు ర్యాంకింగ్‌లో మొదటి అయిదుగురికి నేరుగా చోటు దొరికింది. మిగిలినవారిలో ఎక్కువమంది ఖండాల వారీగా జరిగిన అర్హత పోటీల్లో తేల్చుకోవలసి వచ్చింది. అలా ఆసియా మొత్తానికీ ఒక్కో విభాగంలో దక్కినవి రెండే చోట్లు. ఆ రెండింటి కోసం కొరియా, చైనా, ఇరాన్, ఉజ్బెకిస్తాన్, థాయ్‌లాండ్, జోర్డాన్‌లలో అప్పటికి అర్హత దక్కనివాళ్లందరితోనూ తలపడవలసి వచ్చింది. ర్యాంకింగ్ పాయింట్లు ఇంటి దగ్గర రావు, విదేశాల్లో ఏడాది పొడవునా జరిగే ఓపెన్ టోర్నమెంట్లలో వస్తాయి. విమానం, వీసా, బస, ప్రవేశ రుసుము, కోచ్ ప్రయాణం అన్నీ ఎవరో ఒకరు భరించాలి. ఇన్ని దాటి గ్రాండ్ ప్రి అనే అగ్రశ్రేణి పోటీల స్థాయికి చేరి అక్కడ బంగారం గెలిచినా ప్రపంచ సమాఖ్య ఇచ్చేది 5,000 డాలర్లు. అదే ఒలింపిక్స్‌లో గెలిస్తే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నగదు బహుమతి అంటూ ఏమీ ఇవ్వదు. దీనికి తోడు పరికరాల సంగతి. లండన్ ఒలింపిక్స్ నుంచి ఛాతీ కవచంలోనూ పాదాల తొడుగుల్లోనూ ఉండే సెన్సార్లే తన్నులను లెక్కిస్తున్నాయి, రియో నుంచి శిరస్త్రాణానికీ అవి వచ్చాయి. మామూలు కవచం మీద సాధన చేసిన పిల్ల, ఎంత గట్టిగా తన్నితే పాయింటు పడుతుందో పోటీ రోజున మొదటిసారి తెలుసుకుంటుంది. డబ్బు లేకపోవడం ఆ స్కోరు బోర్డు మీదే కనబడుతుంది.

ఇది తెలిసిన పాఠకుడు నీ పట్టికను వేరే కళ్లతో చూస్తాడు. కొరియానే తీసుకో. బంగారు పతక విజేతకు నెలకు 10 లక్షల వాన్ల జీవితకాల పింఛను వస్తుంది, వద్దనుకుంటే ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవచ్చు. పారిస్‌లో గెలిచినవారికి ప్రభుత్వ పురస్కారంగా మరో 6.3 కోట్ల వాన్లు ఇచ్చారు. నువ్వు ఈ అంకెల దగ్గర ఆగావు. కానీ కొరియా యువకుడికి దక్కే అతి పెద్ద బహుమతి డబ్బు రూపంలో ఉండదు. అక్కడ మగపిల్లలందరూ కనీసం ఏడాదిన్నర నిర్బంధ సైనిక సేవ చేయాలి, ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినా ఆ బాధ్యత తప్పుతుంది. మూడు వారాల ప్రాథమిక శిక్షణ పూర్తిచేసి, 34 నెలలు తన క్రీడలోనే కొనసాగుతూ, 544 గంటల సమాజ సేవ చేస్తే చాలు. ఇరవై ఏళ్ల ఆటగాడికి శరీరం పదునుగా ఉన్న కాలమే దక్కుతోందంటే దాని విలువను ఏ కరెన్సీలోకి మారుస్తావు? ఆ దేశపు ఆడపిల్లలకు ఈ లాభం లేదన్న సంగతి కూడా రాయాలి. వీటన్నిటికన్నా ముందు జిన్‌చన్‌లో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది, జీతాలిచ్చి జట్లను పోషించే నగరపాలక సంస్థలూ కంపెనీలూ ఉన్నాయి. పింఛను ఆ మెట్ల వరసలో చివరిది.

బ్రిటన్‌ను నీ పట్టికలో అట్టడుగున, సున్నా ఎదుట పెట్టావు. అంకె నిజమే, బ్రిటన్ పతకానికి నగదు ఇవ్వదు. కానీ నేషనల్ లాటరీ నుంచీ ప్రభుత్వం నుంచీ వచ్చే డబ్బును యూకే స్పోర్ట్ అనే సంస్థ ముందే ఖర్చుపెడుతుంది. ఆ డబ్బుతోనే మాంచెస్టర్‌లో జాతీయ తైక్వాండో కేంద్రం, కోచ్‌లు, వైద్యులు, ఆటగాళ్ల జీవనభృతి నడుస్తాయి. అగ్రశ్రేణి క్రీడాకారిణికి ఏటా 28,000 పౌండ్ల దాకా పన్ను లేని భృతి అందిన కాలం ఉంది. 2012లోనూ 2016లోనూ బంగారం గెలిచిన జేడ్ జోన్స్ ఈ పద్ధతిలో ఎదిగింది. ఈ పద్ధతికి కఠినమైన ముఖం కూడా ఉంది. పతకాల లెక్క కుదరదనిపిస్తే డబ్బు ఆగిపోతుంది. రియోలో కాంస్యం గెలిచిన తరవాత కూడా బ్యాడ్మింటన్ తన నిధులన్నీ పోగొట్టుకుంది. ముందుగా ఇచ్చే డబ్బు దయతో ఇచ్చేది కాదని పాఠకుడికి తెలియాలి.

ఇటలీది మరో దారి. టోక్యోలో బంగారం గెలిచిన వీటో డెలాక్విలా కారబినియెరీ అనే పోలీసు దళానికి చెందిన క్రీడా విభాగంలో ఉద్యోగి. గెలిస్తే ఇటలీ ఒలింపిక్ కమిటీ 1,80,000 యూరోలు ఇస్తుంది, గెలవకపోయినా నెల జీతం ఆగదు. మన సైన్యం, రైల్వేలు చేసే పని కూడా ఇలాంటిదే కాబట్టి మన పాఠకులు దీన్ని ఇట్టే అందుకుంటారు. అమెరికాలో బంగారు పతకానికి 37,500 డాలర్లు ఇస్తారు, అక్కడి ఒలింపిక్ కమిటీ నడిచేది ప్రసార హక్కుల మీదా ప్రాయోజకుల మీదా విరాళాల మీదా. దానికి రెండు వాక్యాలు చాలు. తైవాన్‌కు ఒలింపిక్స్ చరిత్రలో తొలి బంగారు పతకాలు 2004లో తైక్వాండోలోనే వచ్చాయన్న సంగతి మాత్రం వదలకు. ఇప్పుడు అక్కడి నజరానా 2 కోట్ల తైవాన్ డాలర్లు.

థాయ్‌లాండ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడు, ఎందుకంటే మనం నేర్చుకోదగింది అక్కడ ఉంది. టోక్యోలోనూ పారిస్‌లోనూ 49 కిలోల విభాగంలో బంగారం గెలిచిన పానిపక్ వోంగ్‌పట్టనకిత్‌కు జాతీయ క్రీడాభివృద్ధి నిధి నుంచి 1.2 కోట్ల బాత్‌లు దక్కాయని రాశావు. ఆ నిధిలోకి మద్యం, పొగాకు పన్నుల నుంచి వాటా చేరుతుంది కాబట్టి అది ఏటా బడ్జెట్‌లో చేయి చాచి అడగవలసిన డబ్బు కాదు. అంతకన్నా ముఖ్యం కోచ్. కొరియా నుంచి 2002లో వచ్చిన చోయ్ యంగ్‌సోక్‌ను ఆ దేశం మార్చలేదు, ఆయన తరవాత థాయ్ పౌరసత్వమే తీసుకున్నాడు. ఒకే కోచ్ చేతి కింద రెండు తరాల ఆటగాళ్లు ఎదగడానికి పట్టిన ఖర్చు ఏ నజరానా జాబితాలోనూ ఉండదు.

చిన్న దేశాల సంగతి చెప్పేటప్పుడు ఉత్సాహం సహజం. జోర్డాన్‌కు ఒలింపిక్స్‌లో తొలి పతకం, ఐవరీ కోస్ట్‌కు తొలి బంగారం, రెండూ 2016లో తైక్వాండోలోనే వచ్చాయి. 2008లో కాంస్యం గెలిచి అఫ్గానిస్తాన్‌కు తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన రొహుల్లా నిక్‌పాయ్‌కు ఆ దేశాధ్యక్షుడు ఇల్లు బహూకరించాడు. అవి ఆనందపు కథలే, అలాగే చెప్పు. వాటి పక్కనే ఇరాన్ కథ కూడా చెప్పు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి ఇరాన్ మహిళ కిమియా అలీజాదే 2020లో దేశం విడిచి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది టోక్యోలో శరణార్థుల జట్టు తరఫున ఆడుతూ, రెండు సార్ల విజేత జేడ్ జోన్స్‌ను, జోన్స్ ఆడిన తొలి పోరులోనే 16–12తో ఓడించింది. ఒకవైపు ప్రపంచంలోనే పకడ్బందీగా నడిచే లాటరీ నిధుల వ్యవస్థ, మరోవైపు ఒలింపిక్ కమిటీ శరణార్థులకు ఇచ్చే ఉపకార వేతనం. ఆ రెండూ ఒకే మ్యాట్ మీద ఎదురుపడిన ఆ పోరును నీ వ్యాసంలో మూడు పేరాలు రాసినా నేను ఎక్కువ అనను. డబ్బు చాలా చేస్తుంది గాని అన్నీ చేయదని పాఠకుడికి నువ్వు చెప్పనక్కరలేదు, ఆ పోరే చెబుతుంది. ఆమె 2024లో బల్గేరియా తరఫున మళ్లీ కాంస్యం గెలిచింది.

ఇక మన సంగతి. హరియాణా ఒలింపిక్ బంగారానికి 6 కోట్ల రూపాయలు ఇస్తుంది. మన రాష్ట్రం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో దాన్ని 7 కోట్లు చేసింది. పట్టికలో ఈ వరస దగ్గరికి వచ్చేసరికి నీ వాక్యాల్లో గర్వం వినిపించింది, అది తప్పు కాదు. అయితే తైక్వాండో పతక క్రీడ అయ్యాక మన దేశం నుంచి ఒక్కరు కూడా ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. పారాలింపిక్స్‌లో మాత్రం అరుణా తన్వర్ టోక్యోలో అడుగుపెట్టి ఆ తలుపు తెరిచింది. అంటే ఈ ఆటకు సంబంధించినంతవరకు ఆ 7 కోట్ల వాగ్దానం ఇంతవరకు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా నిలిచి ఉంది. ముందు అందే డబ్బు వేరు. కేంద్ర ప్రభుత్వపు ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన పిల్లలకు చేతి ఖర్చులకు నెలకు 10,000 రూపాయలు, ఒలింపిక్ పతకాలకు దగ్గరగా ఉన్నవారి కోసం కేంద్రం నడిపే టాప్స్ పథకంలో ప్రధాన జాబితాలో చేరినవారికి నెలకు 50,000. ఈ రెండింటి మధ్య, అంటే జాతీయ పోటీల్లో గెలిచి ప్రపంచ ర్యాంకింగ్ అందుకోలేక తిరిగే 18 నుంచి 23 ఏళ్ల వయసులో, మన పిల్లలు ఎక్కువగా ఆగిపోతారు. జాతీయ సమాఖ్యల గుర్తింపు తగాదాలు ఏళ్ల తరబడి సాగడం కూడా వాళ్ల మీదే పడింది. ఈ ఖాళీని నీ వ్యాసం చూపించాలి, అమ్మా. అది చూపిస్తే చదివిన అధికారికి కూడా తప్పించుకోవడం కష్టమవుతుంది.

రాసే తీరు గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. పేదరికాన్ని అలంకారంగా వాడకు. మన ఊరి జ్యోతి యర్రాజీ పారిస్‌లో హర్డిల్స్ పరుగెత్తినప్పుడు ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు అన్న మాట ప్రతి వార్తలోనూ వచ్చింది. భువనేశ్వర్‌లో ఒడిశా ప్రభుత్వం, రిలయన్స్ ఫౌండేషన్ కలిసి నడిపే కేంద్రంలో, విదేశీ కోచ్ దగ్గర ఆమెకు శిక్షణ దొరికిందన్న సంగతి అంత తరచుగా రాలేదు. విశాఖ అమ్మాయి ఒడిశాకు ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్న ప్రశ్న మరీ అరుదు. కన్నీటి మాట రాసే ముందు ఖర్చు ఎవరు భరించారో కనుక్కుని రాయి. సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఈ ఉత్తరాంధ్రే, మన పాఠకులకు లెక్కలు చెబితే అర్థం కావన్న భయం నీకు అక్కరలేదు.

అలాగే ప్రకటించిన నజరానా వేరు, చేతికందిన నజరానా వేరు. వేదిక మీద చెప్పిన మొత్తాన్ని రాసేటప్పుడు ‘ప్రకటించారు’ అని మాత్రమే రాయి. ఉత్తర్వు వెలువడిన తేదీ, సొమ్ము ఖాతాలో పడిన తేదీ దొరికితేనే ‘ఇచ్చారు’ అను. విదేశీ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి వదిలేయకుండా, ఆ దేశంలో ఒక ఉపాధ్యాయుడి ఏడాది జీతంతో పోల్చి చెప్పు. అప్పుడే ఆ అంకెకు బరువు వస్తుంది.

ఇప్పుడు చేయవలసిన పని. స్వర్ణభారతి ఇండోర్ స్టేడియానికి వెళ్లు. జాతీయ స్థాయిలో ఆడుతున్న ఒక అమ్మాయిని, ఆమె కోచ్‌ను, ఆమె ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక్క ఏడాది ఖర్చు రాసుకో. బెల్టు పరీక్షల రుసుములు, కవచం, తొడుగులు, ఫిజియో, పోటీలకు రైలు టికెట్లు, సెలవు పెట్టి తోడు వెళ్లిన తండ్రి పోగొట్టుకున్న కూలి లేదా జీతం, ఏదీ వదలకు. ఎదురుగా ఆ ఏడాది ఎవరెవరి నుంచి ఎంత అందిందో రాయి. పేరు వద్దంటే పేరు లేకుండానే రాయి. తరవాత కొత్త క్రీడా విధానం ప్రతి సంపాదించి, పతకం రాకముందు ఇచ్చే సాయం గురించి అందులో ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆ ఖర్చు పక్కన పెట్టి చూడు. వ్యాసం ఆ అమ్మాయి లెక్కతో మొదలుపెట్టు, దేశాలన్నీ ఆమె వెనక రానీ. నీ పట్టికను సగానికి తగ్గించి, ‘ముందు’, ‘తరవాత’ అని రెండు గళ్లు కలిపి చివర్లో పెట్టు. రెండో ప్రతి సిద్ధం కాగానే పంపు. అందులో అంకెలు ఎక్కడి నుంచి తీసుకున్నావో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి ఉంచితే, నేను కూడా ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఒక్కొక్కటీ సరిచూస్తాను.

ఆశీస్సులతో.