సెల్లులు వీకైన టేపు రికార్డరూ, రాజేశ్వరరావు గారి పాటా

"సాలూరి రాజేశ్వరరావు గొప్పతనం లలిత గీతాల్లో ఉందా, సినిమా పాటల్లో ఉందా?" అని అడిగారు. లలిత గీతాల్లోనే. సినిమాలకు సంగీత దర్శకుడిగా ఆయన చేసింది కూడా అదే పని. తిరుపతి చుట్టుపక్కల పెళ్లిళ్లలో, గంగజాతరలో పాతికేళ్లు హార్మోనియం వాయించినవాణ్ణి, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో బాలకృష్ణుడి వేషం వేశారు. తర్వాత గ్రామఫోన్ ప్లేట్లు, మద్రాసు జెమినీ స్టూడియోలో ఉద్యోగం, 1951లో 'మల్లీశ్వరి'. ఇవన్నీ మీకూ తెలిసే ఉంటాయి. నేను చెప్పదలచుకుంది ప్లేటు సంగతి. ఒక పక్కకు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో పావు నిమిషం. అందులోనే పల్లవి, చరణాలు, మధ్యలో వాద్యాలు. సాగదీయడానికి చోటెక్కడిది? బాలసరస్వతీదేవి గారితో పాడిన 'కోపమేల రాధా' విన్నారా? మాట ఎంత పొడుగో వరస అంతే.

ఇది నాకు అవమానం జరిగాక గానీ తెలీలేదు. కొర్లగుంటలో ఒక గదిలో మా రిహార్సల్. తిరుచానూరు రోడ్డులో పెళ్లికి 'మల్లీశ్వరి'లోని 'మనసున మల్లెల' పాట అడిగారు. క్యాసెట్ దొరికింది, కరెంటు పోయింది. సెల్లుల మీదే టేపు వేసి రెండు రాత్రులు నేర్చుకున్నాం. హార్మోనియంలో ఏ మెట్టూ కలవదు. ఒకటి నొక్కితే ఎక్కువ, పక్కది నొక్కితే తక్కువ. పాతకాలం రికార్డింగు కదా, అంతేలే అనుకున్నాం. సెల్లులు వీకై టేపు మెల్లగా తిరుగుతోందని ఒక్కడికీ తట్టలేదు.

పాడే అమ్మాయి ఇంట్లో కరెంటు టేపులో నేర్చుకుని నేరుగా పెళ్లికే వచ్చింది. తను పల్లవి ఎత్తుకుంది. మా తబలా వెనకాల ఈడుస్తా ఉంది. మొదటి చరణం కాకముందే నా వైపు తిరిగి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఏందన్నా, నిద్రపోతా వాయిస్తా ఉండారా?" అనింది. భోజనాల హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు, డబ్బులు కూడా తగ్గించలేదు. మర్నాడు కొత్త సెల్లులేసి విన్నా. అప్పుడూ నిదానం పాటే. కానీ ప్రతి మాటా విడివిడిగా నిలబడింది. మా నడకలో అచ్చులన్నీ సాగి మాటలు ముద్దయిపోయాయి. ఇంకెవరి పాటనైనా కాస్త ఈడ్చండి, బతుకుతుంది. ఈయనది బతకదు.

సభల్లో కొందరు "లైట్ మ్యూజిక్కా?" అని మూతి తిప్పుతారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు అన్నమయ్య కీర్తనలకు కట్టిన వరసలు ఇక్కడ పూలమ్మే ఆవిడ నోట్లో కూడా ఆడుతున్నాయంటే అది లలితంగా ఉండబట్టే కదా! ఇంకొకటి, 'మాయాబజార్' అనగానే అందరూ ఘంటసాల గారంటారు. తెర మీద పేరు ఆయనదే, కాదనను. కానీ 'లాహిరి లాహిరి'తో కలిపి నాలుగు పాటలకు వరసలు కట్టి తప్పుకున్నది రాజేశ్వరరావు గారు. ఆ మాట ఎవరూ ఎత్తరు.

మీరు ముందు ప్లేట్ల పాటలు వినండి, తర్వాత 'మల్లీశ్వరి'. మా మేనల్లుడు యూట్యూబులో పాటలు కూడా 1.25 వేగంలో వింటాడు. ఆ బొత్తాం జోలికి మాత్రం పోకండి.