గొర్రెలూ దుప్పీ ఒకే కుంట దగ్గర చనిపోతే: దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అనుమానం, కళేబరాన్ని కదిలించొద్దు

ప్రశ్న: మాది నల్లమల అంచు పల్లె. 120 గొర్రెలు, 14 మేకలు ఉన్నాయి. మా ఊరి కుంట ఎండిపోయింది. మొన్నటి వానకు అడుగున పచ్చిక లేస్తే వారం నుంచి అక్కడే మేపుతున్నాను. నాలుగు రోజుల్లో ఐదు గొర్రెలు పోయాయి. రాత్రి బాగున్నది తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడి ఉంటోంది, ముక్కులోంచి నల్లటి రక్తం కారుతోంది. ఇది చిటుకు రోగం అనుకుంటున్నాను. మొదటి గొర్రెను మా బావమరిది ఒలిచాడు, మూడిళ్ళ వాళ్ళం పంచుకున్నాం, మిగిలింది వరుగులు చేశాం. మందుల షాపాయన చెబితే రెండోదాని పొట్ట కోసి లివర్ ఫోటో వాట్సాప్‌లో పంపాను. నట్టల మందు ఇచ్చి, మొన్న మందకంతా లాంగ్ యాక్టింగ్ ఇంజక్షన్ తలకు ఒక మి.లీ. వేయించాడు. నిన్నటి నుంచి చావులు లేవు. కానీ కుంట ఒడ్డున ఒక చుక్కల దుప్పి చచ్చి పడి ఉంది. రోగం దుప్పుల నుంచే వచ్చిందా? విదేశాల్లో రోగమొస్తే దుప్పులను కాల్చేస్తారని యూట్యూబ్‌లో చూశాను, మన దగ్గర ఎందుకు కాల్చరు? ఒక గొర్రెను ఆటోలో హైదరాబాద్ ల్యాబుకు తీసుకెళ్ళొచ్చా? తోళ్ళు అమ్ముకోవచ్చా? ఆదివారం సంతకు 15 పొట్టేళ్ళు తోలాలి, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. బావమరిదికి మణికట్టు మీద చిన్న పొక్కు లేచింది, దానికి ఏదైనా పూత మందు ఉంటే చెప్పండి.
– ఒక గొర్రెల రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అన్నిటికంటే ముందు రాయాల్సిన మాటను చివర్లో రాశారు. గొర్రెలను పక్కన పెట్టి, ఈ పేపరు మూసేసి, మీ బావమరిదిని ఈ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. చచ్చిన గొర్రెను ఒలిచాడని, గొర్రె ముక్కులోంచి నల్ల రక్తం కారిందని, దొమ్మ రోగం అనుమానం ఉందని డాక్టరుకు ఆ మాటల్లోనే చెప్పండి. చెప్పకపోతే ఏ పురుగో కుట్టిందనుకుని ఆయింట్‌మెంట్ రాసి పంపేస్తారు. దొమ్మ పొక్కుకు మొదట దురద ఉంటుంది. తర్వాత చుట్టూ వాపు వచ్చి నీటి బుడగలు లేస్తాయి, నడిమధ్య బొగ్గులా నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషి పట్టించుకోడు. తొలి రోజుల్లోనే యాంటీబయాటిక్ పడితే నయమవుతుంది. ముదిరి రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. పొక్కును గిల్లకూడదు, కోయకూడదు. పూత మందు నన్నడగొద్దు.

మాంసం తిన్న మూడిళ్ళ వాళ్ళు కూడా వెళ్ళాలి. ఇప్పుడేమీ లేకపోయినా పేర్లు రాయించుకోండి. జ్వరం, కడుపునొప్పి, వాంతులు, రక్త విరేచనాలు, గొంతు వాపు ఏది కనిపించినా ఆగొద్దు. ఇక ఆ వరుగులు. దండెం మీద ఉన్నా, డబ్బాలో ఉన్నా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టొద్దు, కుక్కకూ వేయొద్దు. ఎండబెట్టినా, ఉప్పు పట్టించినా, మామూలుగా కూర వండినా ఈ క్రిమి సిద్ధబీజాలు (గట్టి పొర కట్టుకుని ఏళ్ళ తరబడి బతికే క్రిమి రూపం) చస్తాయన్న నమ్మకం లేదు. వాటన్నిటినీ ఒకచోట మూటకట్టి పశువైద్య సిబ్బందికి అప్పగించండి, కళేబరాలతో పాటే కాలుస్తారు.

ఇప్పుడు గొర్రెల సంగతి. ఇది మీరనుకుంటున్న చిటుకు రోగంలా లేదు. చిటుకు రోగం కూడా రాత్రికి రాత్రే చంపుతుంది, తొలకరిలోనే వస్తుంది, అందుకే మీరు పొరబడ్డారు. కానీ అందులో ముక్కు నుంచి, ఆసనం నుంచి గడ్డకట్టని నల్ల రక్తం కారదు. గొంతువాపు రోగం అయితే గొంతు వాచి, గురక వినిపించేది. మీరు రాసిన లక్షణాలు, ఎండిన కుంట అడుగు, అదే చోట దుప్పి చావు, ఒలిచినవాడి చేతికి పొక్కు – వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు దొమ్మ రోగం తప్ప ఇంకోటి తోచడం లేదు. స్లైడు మీద క్రిమి కనిపించేదాకా ఇది అనుమానమే. అయినా చేసే పనులన్నీ అదే అనుకుని చేయాలి.

దుప్పి మీకు అంటించలేదు. మీ గొర్రె దుప్పికీ అంటించలేదు. దొమ్మ మామూలుగా ఒక పశువు నుంచి ఇంకో పశువుకు తుమ్ముతోనో తాకిడితోనో పోదు. ఎప్పుడో ఆ కుంటలో చచ్చిన పశువు రక్తం మట్టిలో ఇంకింది, సిద్ధబీజాలు అక్కడే పడి ఉన్నాయి. కుంట ఎండింది, వాన పడి పొట్టి పచ్చిక లేచింది, గొర్రె మట్టితో సహా కొరికి తిన్నది. దుప్పీ అక్కడే మేసింది. ఈ సిద్ధబీజాలు మట్టిలో ఎన్నాళ్ళు బతుకుతాయంటే, స్కాట్లండ్ తీరంలో గ్రూయినార్డ్ అనే చిన్న దీవి మీద 1942లో యుద్ధ అవసరాల కోసం గొర్రెలపై దొమ్మ క్రిమిని ప్రయోగించారు. 1986లో దీవి మట్టినంతా క్రిములను చంపే ఫార్మాలిన్ ద్రావణంతో తడిపి శుద్ధి చేశారు, 1990 దాకా అక్కడ అడుగుపెట్టనివ్వలేదు. అడవి జంతువులు, పెంపుడు జంతువులు అన్న తేడా దొమ్మకు లేదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలకు వచ్చింది. 2022 మార్చిలో చెన్నై ఐఐటీ ఆవరణలో కృష్ణజింకకు, అదే ఏడాది జూన్‌లో కేరళ అతిరప్పిళ్ళి అడవిలో పందులకు వచ్చింది.

యూట్యూబ్ సంగతికి వస్తే, బ్రిటన్‌లో జింకల వేట చట్టబద్ధమే. కానీ 2001లో అక్కడ పశువులకు గాలికుంటు రోగం విరుచుకుపడి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చినప్పుడు వాళ్ళు చేసింది మీరు చూసినదానికి తలకిందులు. జింకల వేట ఆపించారు, పొలాల మీదుగా, అడవుల మీదుగా పోయే నడక దారులు మూసేశారు. తుపాకీ మోగితే జింకల మంద చెదిరి పక్క ఊళ్ళ పొలాల్లో పడుతుంది. వేటగాడి బూట్లు, జీపు టైర్లు, వెంట వచ్చిన కుక్క రోగాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తాయి. అక్కడ మామూలు రోజుల్లో శిక్షణ పొందిన వేటగాడు జింకను పడేసిన చోటే పేగులు తీసి, లింఫు గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం చూసి, తేడా ఏమీ లేదని రాసిచ్చాకే మాంసం గిడ్డంగికి పోతుంది. తీవ్రమైన అంటురోగం అనుమానం తగిలిందా, అక్కడితో ఆపేసి అధికారులకు చెప్పాల్సిందే, చెప్పకపోవడం నేరం. దొమ్మ అనుమానం ఉంటే పేగులు తీయడం కూడా ఉండదు, కత్తే పెట్టరు.

మన దగ్గర వేట మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చిన దుప్పి కూడా ప్రభుత్వ ఆస్తే. కొమ్ము, తోలు, మాంసం ఏది దగ్గరున్నా కేసు అవుతుంది. ఊరి కుర్రాళ్ళు ఎవరైనా దాన్ని బండి మీద వేసుకుంటామని అంటే ఆపండి. మీరే పూడ్చేద్దామని కూడా చూడొద్దు. ఫారెస్టు బీటు ఆఫీసరుకు ఫోన్ చేసి చోటు చెప్పండి, వాళ్ళు వచ్చేదాకా కుక్కలు, కాకులు ముట్టకుండా ముళ్ళకంప కప్పి దూరంగా ఉండండి. మీ గొర్రెల చావుల సంగతి కూడా ఆ ఫోన్‌లోనే చెప్పండి. కేసు పెడతారన్న భయంతో దాచవద్దు. దాస్తే వాళ్ళు దాన్ని మామూలు చావు అనుకుని పోస్టుమార్టం కత్తి పెట్టే ప్రమాదం ఉంది.

గొర్రె కళేబరాన్ని ఆటోలో హైదరాబాద్ తేవచ్చా అంటే, తేవద్దు. ల్యాబుకు కావలసింది కళేబరం కాదు. చెవి కొన నుంచి తీసిన చుక్క రక్తం గాజు స్లైడు మీద పూస్తే సరిపోతుంది, అది కూడా డాక్టరే తీయాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. దొమ్మ అనుమానం అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఆటో దారి పొడవునా రక్తం చుక్కలు రాలిస్తే ఎన్ని ఊళ్ళ మట్టి పాడవుతుందో ఆలోచించండి. రేపు అదే ఆటోలో బడిపిల్లలు ఎక్కుతారు.

మందుల షాపాయన గురించి రాయకుండా ఉండలేను. దొమ్మతో చచ్చిన పశువు పొట్ట కోయించడమంత పెద్ద తప్పు ఈ రోగంలో ఇంకోటి లేదు. కోయకుండా వదిలేస్తే లోపలి క్రిములు కుళ్ళులో చాలావరకు చచ్చిపోతాయి. గాలి తగిలిందంటే సిద్ధబీజాలుగా మారి మట్టిలో పాతుకుంటాయి. లివర్ ఫోటో చూసి ‘నట్టలు’ అన్నాడట. మన ప్రాంతంలో ఏ గొర్రె లివర్ కోసినా నట్టలు కనిపిస్తాయి, ఆరోగ్యంగా ఉన్న గొర్రెలోనూ కనిపిస్తాయి. ఇక ఆ ఇంజక్షన్. అది ఆక్సీటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ (ఒంట్లో ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్) అయితే పది కిలోల బరువుకు ఒక మి.లీ. వేయాలి. 30 కిలోల గొర్రెకు మూడు మి.లీ. పడాల్సింది ఒకటి పడింది. ఆ మందు దొమ్మ మీద కొంత పనిచేస్తుంది కూడా, నిన్నటి నుంచి చావులు ఆగింది అందుకే కావచ్చు. అదే నాకు టెన్షన్. రోగం పోయిందని మీరు మళ్ళీ కుంటలోకి తోలుతారు, మందు బలం తగ్గగానే మళ్ళీ మొదలవుతుంది.

ఈ రోజు నుంచి మంద కుంట దగ్గరికి పోవద్దు. మీ ఊరి పొలిమేరలోనే మెరక మీద, వేరే నీళ్ళున్న చోట ఆపి మేత కోసి వేయండి. రోజూ తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే థర్మామీటరు పెట్టి చూడండి. 104.5 డిగ్రీలు దాటిన గొర్రెను వేరు చేసి డాక్టరుకు చెప్పండి. జ్వరం ఉన్నవాటికి ప్రొకేయిన్ పెన్సిలిన్ కిలో బరువుకు 22,000 యూనిట్ల చొప్పున కండకు వేస్తారు. ఎన్ని రోజులు, ముందు పడిన మందుతో కలిపి ఎలా అన్నది డాక్టరు నిర్ణయం, షాపులో కొని మీరు వేయొద్దు.

టీకా విషయంలో నా మాట తప్పకుండా వినండి. దొమ్మ టీకా బతికున్న సిద్ధబీజాల టీకా. యాంటీబయాటిక్ ఒంట్లో ఉండగా వేస్తే టీకాలోని క్రిమి చచ్చిపోతుంది, గొర్రెకు రక్షణ రాదు, మీకు మాత్రం టీకా వేయించామన్న ధైర్యం మిగులుతుంది. లాంగ్ యాక్టింగ్ పడింది కాబట్టి ఆ రోజు నుంచి 14 రోజులు లెక్కపెట్టండి. మధ్యలో పెన్సిలిన్ పడితే దాని ఆఖరి డోసు నుంచి మళ్ళీ లెక్కపెట్టాలి. గొర్రెకు అర మి.లీ. చర్మం కింద. మేకలకు ఒక్కోసారి వాపు, జ్వరం ఎక్కువగా వస్తాయి, నిండు చూలుతో ఉన్నవాటిని పక్కన పెట్టాలి, కాబట్టి వాటి సంగతి డాక్టరు దగ్గరుండి చూడాలి. రక్షణ రావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఏడాది ఉంటుంది. టీకా వేసిన గొర్రెను కనీసం ఆరు వారాలు కోతకు ఇవ్వొద్దు. మీ కుంట ఇక దొమ్మ కుంటే. ఏటా తొలకరికి నెల ముందు ఈ టీకా పడాలి, ఊరి మందలన్నిటికీ పడాలి. మీ ఒక్క మందకు వేస్తే మీ గొర్రెలు బతుకుతాయి. పక్కవాడి గొర్రె చచ్చి కుంటలో మళ్ళీ రక్తం ఒలుకుతుంది.

కళేబరాలను పశువైద్య సిబ్బంది సమక్షంలో ఉన్నచోటే కాల్చడం అన్నిటికంటే మేలు. కట్టెలు చాలక పూడ్చాల్సి వస్తే కళేబరం పైన ఆరడుగుల మట్టి ఉండేంత లోతు తవ్వాలి, బావికి, వాగుకు దూరంగా ఉండాలి. ముక్కు, నోరు, ఆసనం క్రిమినాశక మందులో తడిపిన దూదితో మూసి, తలకు ప్లాస్టిక్ సంచి కట్టాకే కదిలించాలి, నేల మీద ఈడ్వకూడదు. మొదటిదాన్ని ఒలిచిన చోట, రెండోదాన్ని కోసిన చోట నెత్తురు పడ్డ మట్టిని జానెడు లోతున తీసి కళేబరంతో కాల్చాలి. మిగతా నేలను 10 శాతం ఫార్మాలిన్‌తో సిబ్బందే తడుపుతారు. ఆ ఘాటుకు కళ్ళు మండుతాయి, మీరు చేయొద్దు. ఒలిచిన కత్తిని నీళ్ళలో ముంచి మూతపెట్టి అరగంట మరిగించండి. గోనెసంచి, తాడు కాల్చేయండి. కుక్కలను కట్టేయండి.

తోళ్ళు అమ్మకూడదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టంలో దొమ్మ ఉంది. అనుమానం రాగానే పంచాయతీకి, పశువైద్యశాలకు చెప్పడం యజమాని బాధ్యత. నియంత్రిత ప్రాంతమని ప్రకటిస్తే పశువు, కళేబరం, తోలు, మేత ఏదీ ఊరు దాటకూడదు. ప్రకటన రాలేదు కదా అని ఈలోపు తోళ్ళ వ్యాపారికి ఫోన్ చేస్తారేమో, ఆ తోలు ఇప్పటికే ఎండుతుంటే దాన్ని కూడా మంటలో వేయండి. ఒక గొర్రె తోలు ధర ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు.

పొట్టేళ్ళను ఆదివారం సంతకు తోలొద్దు. ఆఖరి చావు నుంచి కనీసం 20 రోజులు మంద ఊరు దాటకూడదు. ఈలోగా టీకా పడుతుంది కాబట్టి ఆ ఆరు వారాలూ కలుపుకోండి. డాక్టరు సరేనని రాసిచ్చాకే అమ్మకం. వ్యాపారి అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి, కారణం దాచకుండా చెప్పండి. మీ ఊళ్ళో ఇంకెవరి దగ్గరైనా అతను ఈ వారం గొర్రెలు కొన్నాడేమో కూడా అడిగి, ఆ పేరు పశువైద్యశాలకు ఇవ్వండి.