పంపును తిట్టే ముందు తీగ చూడరా

చిరంజీవి మేనల్లుడికి,

బోటు అడుగు నీళ్లు తోడే పంపు ఒకరోజు తిరిగి ఒకరోజు మొరాయిస్తోందన్నావు. అప్పుడే కొత్తది కొనకు. ఉప్పుగాలికి మోటారు కంటే ముందు జాయింట్లు పోతాయి.

మొదట బ్యాటరీ. ఛార్జి పెట్టి, రాత్రంతా ఏ లోడూ లేకుండా వదిలి, పొద్దున్నే వోల్టులు కొలిచే మీటరు పెట్టు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే.

తర్వాతే అందరూ పొరబడతారు. పంపు వైర్లు విప్పి మీటరు పెడితే 12.6 కనబడుతుంది, ‘కరెంటు వస్తోంది, పంపే పోయింది’ అనేస్తారు. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఒక్క పోగు మిగిలినా దానికి చాలు, పంపుకు చాలదు. అందుకే పంపు కలిపి, స్విచ్చి వేసి ఉంచే చూడాలి. మీటరు ఎర్ర ప్రోబు (కొలిచే సూది) బ్యాటరీ ప్లస్ మీద, నల్లది పంపు ప్లస్ వైరు మీద పెట్టు. మంచి లైనులో 0.3 వోల్టు దాటదు. రెండు వోల్టులు చూపిందా, దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. నల్ల ప్రోబును ఫ్లోట్ స్విచ్చి (నీళ్లు పెరిగితే తేలి పంపును నడిపేది), చేతి స్విచ్చి, ఫ్యూజు మీదుగా వెనక్కి జరుపుతూ రా. రీడింగు ఎక్కడ ఠక్కున తగ్గితే, ఆ చోటికీ అంతకుముందు ముట్టిన చోటికీ మధ్యనే తప్పు. మైనస్ వైపూ ఇలాగే చెయ్యి, దాన్నెవరూ పట్టించుకోరు. రెండువైపులా సరిగ్గా ఉంటే అప్పుడు పంపు విప్పు, లోపల వలదారం చుట్టుకుందేమో చూడు.

తీగ కోసేముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యి. తొడుగు ఒలిస్తే రాగి మెరవాలి. నల్లబడితే, ఆకుపచ్చ చిలుము పడితే గీకి కలపకు, మెరుపు కనబడేదాకా కోస్తూ పో. ఒక్కోసారి జానెడు పోతుంది. మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, టేపు నీళ్లను ఆపదు, లోపల దాచిపెడుతుంది. క్రింపు చేసి (లోహపు గొట్టంలో తీగలు పెట్టి నొక్కి బిగించి), లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడుగు. జాయింటు అడుగు నీళ్లకు అందనంత ఎత్తులో కట్టు.

ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే పెద్దది వెయ్యకు, తీగే తగలబడుతుంది. పంపు విప్పేసి, ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలుపు. వెలిగిందంటే ఎక్కడో షార్టు. తీగను జానెడు జానెడు కదుపుతూ వెళ్లు, బల్బు మిణుకుమన్నచోట ఆగు.

అన్నీ బిగించాక ఫ్లోట్ స్విచ్చిని చేత్తో ఎత్తు. పంపు చప్పుడు విని సంతోషపడకు, బయటి గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడు.

మీ మామయ్య