ఏడో పుస్తకం దగ్గర అన్విల్ ఎందుకు మొరాయిస్తోందంటే

మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో కత్తికి ఆరు ఎన్‌చాంట్‌మెంట్ (అదనపు శక్తినిచ్చే మంత్రం) పుస్తకాలు ఒక్కొక్కటిగా ఎక్కాయి, ఏడోది చిన్నదే అయినా అన్విల్ (వస్తువులు కలిపే దాగలి) 'టూ ఎక్స్‌పెన్సివ్' అంటోందని అడిగారు కదా. తప్పు ఆ పుస్తకంది కాదు, మీరు కలిపిన వరసది.

అన్విల్ మీద పని జరిగిన ప్రతిసారీ ఆ వస్తువుకి కనపడని జరిమానా పడుతుంది. మీరు ఒక్కో పుస్తకానికీ రాసి పెట్టుకున్న ఖర్చుల్లోంచి ఎన్‌చాంట్‌మెంట్ ధర తీసేసి చూడండి: 0, 1, 3, 7, 15, 31 మిగులుతాయి. ప్రతిదానికీ ఒకటి కలిపితే 1, 2, 4, 8, 16, 32. గుట్టు బయటపడినట్టే! అంటే అప్పటికే ఎన్ని పనులు జరిగాయో అన్ని రెండులను హెచ్చించి ఒకటి తీసేయడం. ఏడోసారికి జరిమానాయే 63. సర్వైవల్ (మామూలు ఆట) మోడ్‌లో మొత్తం ఖర్చు 40 ఎక్స్‌పీరియన్స్ లెవెళ్లు చేరితే అన్విల్ ఒప్పుకోదు.

అసలు కిటుకు ఇంకోటుంది. రెండు వస్తువులు కలిపేటప్పుడు రెండింటి జరిమానాలూ ఖర్చులో పడతాయి గానీ, పనుల లెక్క మాత్రం కూడదు. రెండింట్లో ఏది ఎక్కువో దానికి ఒకటే చేరుతుంది. కాబట్టి జతలు కట్టండి. కత్తికి ఒక పుస్తకం ఎక్కించి, మిగతా ఆరింటినీ అన్విల్‌లో రెండేసి కలిపి మూడు జతలు చేయండి. ఒక జతను కత్తికి ఎక్కించి, మిగిలిన రెండు జతలను ఒకటి చేసి, చివరగా దాన్ని కత్తికి కలపండి. ఆఖరి మెట్టులో జరిమానా 3+3, అంటే ఆరే.

అన్విల్‌లో కుడివైపు పెట్టినదాని ఎన్‌చాంట్‌మెంట్లకే ధర పడుతుంది, అందుకని ఖరీదైన పుస్తకాన్ని ముందే నేరుగా కత్తికి ఎక్కించేయండి. ఇప్పుడున్న కత్తిని గ్రైండ్‌స్టోన్ (సానరాయి)లో పెడితే జరిమానా పోతుంది, కానీ శాపాలు (చెడు చేసే ఎన్‌చాంట్‌మెంట్లు) తప్ప ఎన్‌చాంట్‌మెంట్లన్నీ పోతాయి. కొత్త కత్తితో మొదలుపెట్టడమే మేలు.