వార్డులో పెచ్చులు ఊడుతుంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా నాన్నకి తుంటి ఎముక విరిగితే జిల్లా పెద్దాసుపత్రిలో చేర్పించాం. డాక్టర్లు బాగానే చూస్తున్నారు కానీ, మంచం పైన స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. వానొస్తే గోడ వెంట నీళ్లు కారతాయి, మంచం మేమే పక్కకి జరుపుకుంటాం. థియేటర్‌లో చెమ్మ ఉందని ఆపరేషన్ వాయిదా వేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, తెలంగాణ

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దామమ్మా. ఆ పెచ్చుల కింద మంచం ఒక్క పూట కూడా ఉండనివ్వకండి. ఫొటోలు తీసి, వార్డు మార్చమని కాగితం మీద రాసి ఆర్‌ఎంఓకి (ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌కి) ఇవ్వండి. చెమ్మ పట్టిన థియేటర్‌లో ఆపరేషన్ చేయనని డాక్టర్ అనడం సబబే, బూజు గాయంలోకి చేరితే మొదటికే మోసం వస్తుంది. కానీ తుంటి విరిగిన పెద్దవాళ్లు రోజుల తరబడి మంచాన ఉంటే వీపు మీద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. అందుకే ఇక్కడ కుదరకపోతే వేరే ప్రభుత్వాసుపత్రికి వెంటనే రిఫర్ చేయమని గట్టిగా అడగండి.

ఇక బిల్డింగ్ గురించి. సూపరింటెండెంట్‌ని తిట్టి లాభం లేదు, ఆయన చేతిలో ఉండేది చిల్లర రిపేర్ల డబ్బే. స్లాబు లాంటి పెద్ద పని వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ చేయాలి, దానికి పైనుంచి నిధులు రావాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చుని జీడీపీలో 2.5 శాతానికి తెస్తామంది, ఆ గడువు దాటినా అక్కడికి చేరలేదు. వచ్చిన కాస్తలో కొత్త బ్లాకులకే మొగ్గు, పాతవాటి మరమ్మతు ఎప్పుడూ వెనకబడుతుంది. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో (తెల్ల కార్డుంటే అదీ అక్కర్లేదు) అడగండి: రిపేరు ఎస్టిమేట్ ఎప్పుడు పంపారు, ఎంత మంజూరైంది, ఫైలు ఎవరి దగ్గరుంది? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి కూడా వెళ్లి అర్జీ ఇవ్వండి.

ప్రశ్న: ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం కూలిస్తేనే రోగులకి మేలంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నేనలా అనను. భవనం ఉండాలా కూల్చాలా అన్న గొడవకి రోగుల అవసరాల్ని ముడిపెట్టడం వల్లే ఇన్నేళ్లు పోయాయి. 2015లో కూల్చి కొత్తవి కడతామన్నారు, వారసత్వ కట్టడమని అభ్యంతరాలొచ్చాయి, కోర్టు దాకా వెళ్లింది. 2020 జులైలో వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చాక దాన్ని ఖాళీ చేయించి, రోగుల్ని కులీకుతుబ్‌షా బ్లాకులో, ఓపీ బ్లాకులో సర్దారు. ఇంత పెద్ద ఆసుపత్రి రోగుల్ని అలా కుదిస్తే ఇరుకు కాక ఏమవుతుంది? 2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది కాబట్టి పాతదాన్ని తీరిగ్గా బాగుచేసుకోవచ్చు. కొత్తది వస్తోంది కదా అని ఇప్పుడున్న బ్లాకుల్లో డ్రైనేజీ, బాత్రూములు, వైరింగ్ పనులు మాత్రం ఆపకూడదు, నా పట్టింపల్లా అదే.