సీటీసీ 18 లక్షలు, నెలాఖరుకి మిగిలేది 5 వేలు: వందమందిలో మేం ఎన్నోవాళ్లం?

అడిగింది క్లుప్తంగా ఇది: మియాపూర్‌లో అద్దెకుంటున్న కుటుంబం. భర్త సీటీసీ (కంపెనీ ఆయన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 18 లక్షలు, చేతికొచ్చేది నెలకు 1,15,000. భార్య ఉద్యోగం చేయట్లేదు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మొత్తం ఐదుగురు. నెలాఖరుకి 5 వేలు మిగలడమే గగనం. "మేం లోయర్ మిడిల్ క్లాసే కదా, దేశం మొత్తంలో ఎక్కడుంటాం?"

లోయర్ కాదండి, మిడిల్ కూడా కాదు. దేశంలోని పట్టణాల్లో ఉండే వందమందిని నెల ఖర్చును బట్టి తక్కువ నుంచి ఎక్కువకి వరసగా నిలబెడితే మీ ఇంటివాళ్లు 90 దరిదాపుల్లోనో, అది దాటాకో ఉంటారు. ఈ లెక్క మీరే ఇంట్లో వేసుకోవచ్చు.

ముందు సీటీసీని పక్కన పెట్టండి. అందులో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్, గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం అన్నీ కలిసి ఉంటాయి. గొప్ప చెప్పుకోవాలంటే సీటీసీ చెప్తాం, కష్టం చెప్పుకోవాలంటే చేతికొచ్చేది చెప్తాం. అవతలివాళ్లూ అంతే. వాళ్ల సీటీసీని మన చేతికొచ్చేదానితో పోల్చుకోవడం దగ్గరే సగం తప్పు జరిగిపోతుంది.

మన దేశంలో ఆదాయం అడిగితే జనం నిజం చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. కౌలు రైతుకీ కిరాణా కొట్టాయనకీ నెల ఆదాయం అంటూ ఒక అంకె ఉండదు. అందుకే ప్రభుత్వ సర్వేలు ఎక్కువగా ఖర్చును అడుగుతాయి. 2022 ఆగస్టు నుంచి 2023 జూలై వరకు జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మనిషికి నెల ఖర్చు సగటున పల్లెల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459. తెలంగాణలో అవే 4,802, 8,158. ఆంధ్రప్రదేశ్‌లో 4,870, 6,782. ఇవి ఇంటికి కాదు, మనిషికి. పసిబిడ్డ కూడా ఒక మనిషే.

మీరు రాసిన ఖర్చులనే ఈ కొలతలోకి మారుద్దాం. అద్దె 22,000, ఇద్దరి స్కూలు ఫీజు నెలకు సర్దితే 14,000, సరుకులు, పాలు, కూరగాయలు 18,000, పెట్రోలు, క్యాబ్‌లు 7,000, కరెంటు, ఫోన్లు, నెట్, గ్యాస్ 6,000, పనిమనిషికి 3,000, అత్తగారి మందులు 3,000, బట్టలు, పండగలు, బయటి తిండి 10,000. మొత్తం 83,000. కారు ఈఎంఐ 14,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 8,000, ఎల్‌ఐసీ 5,000, చివర్లో మిగిలే 5,000 ఇందులో కలపకండి. అవి అప్పు తీర్చడం, దాచుకోవడం కిందికి వస్తాయి గానీ వినియోగం కిందికి రావు. 83,000ని ఐదుగురితో భాగిస్తే మనిషికి 16,600.

ఇప్పుడు అదే సర్వేలో పట్టణాల వరస చూడండి. అట్టడుగు 5 శాతం సగటు 2,001. సరిగ్గా నడిమధ్య, అంటే 40 నుంచి 50 మధ్య ఉన్నవాళ్లది 4,963, 50 నుంచి 60 మధ్యవాళ్లది 5,662. 80–90 మధ్య 9,582. 90–95 మధ్య 12,399. పైనున్న 5 శాతం సగటు 20,824. ధరలు పెరిగాయి కాబట్టి పై అంకెలకు ఓ 12 శాతం కలపండి. అప్పుడు 90–95 వాళ్లది దాదాపు 13,900 అవుతుంది, చివరి 5 శాతం సగటు 23,300. మీ 16,600 ఈ రెంటికీ మధ్య పడింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. సొంతింట్లో ఉండేవాళ్లకి ఈ సగటుల్లో అద్దె విలువ కట్టరు. మీరు కట్టే 22,000 మాత్రం ఖర్చులో పడుతుంది. అంటే అద్దెకున్నవాళ్లు ఉన్నదానికంటే పైన కనిపిస్తారు. అందుకని అద్దె తీసేసి ఇంకోసారి వేయండి: 61,000ని ఐదుగురికి పంచితే 12,200. 80–90 వాళ్ల సగటు ధరలు కలిపాక 10,700, ఆ పైవాళ్లది 13,900. ఎంత పిసినారిగా వేసినా మీరు 90 గుమ్మం దగ్గరే ఆగారు. దాన్నించి ఇంకా కిందికి దిగాలంటే లెక్కలో తప్పు చేయాలి. ఒక్క మినహాయింపు: గేటెడ్ కమ్యూనిటీల్లోకి సర్వేవాళ్లని సెక్యూరిటీ లోపలికి రానివ్వడమే కష్టం, రానిచ్చినా పెద్ద ఖర్చులు పూర్తిగా చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి పై మెట్ల అంకెలు ఉన్నదానికంటే కాస్త తక్కువగానే నమోదవుతాయి.

ఆదాయం వైపు నుంచి చూడాలంటే అసమానతల మీద పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో ఇచ్చిన అంచనాలున్నాయి. సర్వేలనీ ఇన్‌కం టాక్స్ లెక్కల్నీ కలిపి కట్టినవి. 2022-23లో పెద్దవాళ్ల ఏడాది ఆదాయాల్లో నడిమి అంకె సుమారు 1.05 లక్షలు. పై 10 శాతంలోకి రావడానికి 2.9 లక్షలు చాలు, పై 1 శాతానికి 20.7 లక్షలు కావాలి. ఇక్కడే జనం తికమక పడతారు. 18 లక్షల్ని మీవారి ఒక్కరి పేరున చూస్తే 1 శాతం గుమ్మం అదిగో అన్నట్టుంటుంది. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లకి పంచితే తలా 6 లక్షలు. పై 10 శాతంలో సందేహం లేదు, 1 శాతం మాత్రం కనుచూపు మేరలో లేదు. ఒకే జీతం మీద ఐదుగురు బతకడానికీ, ఇద్దరూ సంపాదించుకుంటూ పిల్లల్లేకుండా ఉండడానికీ తేడా ఇదే.

మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది తలసరి ఆదాయం. తెలంగాణ తలసరి 2024-25లో 3,79,751 అని బడ్జెట్ రోజు పేపర్లో చూసి ఐదుగురితో గుణిస్తే దాదాపు 19 లక్షలు వస్తుంది. చేతికొచ్చేది ఏడాదికి 13.8 లక్షలు కాబట్టి "రాష్ట్ర సగటు కంటే మేం కిందే" అనిపిస్తుంది. ఆ అంకెలో కంపెనీల లాభాలు, ఫార్మా, ఐటీ ఉత్పత్తి విలువ అన్నీ ఉంటాయి. మొత్తాన్ని జనాభాతో భాగించారు గానీ ఎవరి ఇంటికీ వెళ్లి అడిగింది కాదు. పైగా సగటు వేరు, నడిమి మనిషి వేరు. అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి ఓ కంపెనీ ఓనరు ఎక్కితే లోపలున్న అందరి సగటూ కోట్లకి పోతుంది, వాచ్‌మన్ జీతం మాత్రం అంతే ఉంటుంది.

ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల) కోటాకి ఏడాది ఆదాయం 8 లక్షల పరిమితి కూడా అలాంటిదే. అది అర్హతకి గీసిన గీత, పేదరికానికి కాదు. "12 లక్షల దాకా టాక్సే లేదంటే 12 లక్షలు మామూలే కదా" అనేది ఇంకో పొరపాటు. 2024 జూలై 31 నాటికి దాఖలైన రిటర్నులే 7.28 కోట్లు, 140 కోట్ల జనాభాలో. అందులోనూ చాలామందికి కట్టాల్సిన పన్ను సున్నా. మీసేవలో తెచ్చుకునే ఆదాయ ధ్రువపత్రం మీది అంకెనైతే అసలు పట్టించుకోకండి, అది అవసరాన్ని బట్టి పుడుతుంది.

కిందివైపు ఉన్నవాళ్లు దీనికి తిరగేసి తప్పు చేస్తారు. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్‌లో చేసిన ఒక సర్వేలో పేదవాళ్లు తమని ఉన్నదానికంటే పైన, ఉన్నవాళ్లు తమని కింద ఊహించుకున్నారు. కారణం ఒకటే, ఎవరైనా తన చుట్టూ ఉన్నవాళ్లనే చూస్తారు. మీ చుట్టూ ఉన్నది ఆఫీసు ఫ్లోరు, స్కూలు వాట్సాప్ గ్రూపు, డాలస్‌లో ఉన్న తోడికోడలు. మీ క్యాబ్ డ్రైవరు చూసేది అడ్డా మీది కూలీని. ఆయన నెలకి 45 వేలు అంటాడు. డీజిల్, కమీషన్, బండి ఈఎంఐ, టైర్లు తీస్తే 20 వేలు మిగలడం కష్టం. సొంత పని చేసుకునేవాళ్లెవరైనా ముందు పెట్టుబడి, ఖర్చు తీసి చూడాలి. 2018-19 సర్వేలో తెలంగాణ రైతు కుటుంబం నెల ఆదాయం, పంటా కూలీ పశువులూ అన్నీ కలిపి, సగటున 9,403 రూపాయలు. మీ స్కూలు ఫీజు అంతకంటే ఎక్కువ.

మరి అంత పైనుంటే చేతిలో ఎందుకు మిగలట్లేదని అడుగుతారు. మీరు చెప్తున్న ఇబ్బంది అబద్ధం కాదు, కాకపోతే అది ఆదాయానిది కాదు, ఆస్తిది. మీ ఇంటి ఓనరుకి జీతం 40 వేలే ఉండొచ్చు, ఎప్పుడో నాన్న కొన్న 200 గజాల్లో మూడు పోర్షన్లు ఉన్నాయి. ఆదాయం వరసలో మీరు ఆయన్ని దాటేశారు, ఆస్తి వరసలో ఆయన్ని అందుకోలేరు. ఆ రెండో లెక్క వేయాలంటే ఊళ్లో పొలంలో మీవారి వాటా, పీఎఫ్ బ్యాలెన్సు, బంగారం తూకం, కారు లోన్‌లో మిగిలిన అసలు రాసి పెట్టండి, అది కూడా వేద్దాం.